మింగిన మాట వెడల్పు

గంజిలో చెంచా తిప్పుతూ మా వదిన కొర్లమ్మ నా ఎదురుగా కూర్చుంది. పొద్దున్న ఏడు దాటింది. ఎనిమిదికి రొయ్యల షెడ్డు సైరను మోగుతుంది. ఆలోపు నాకు తినిపించి తను వెళ్లాలి.

"నోరు తియ్యి. సల్లారిపోతాది."

నోరు తీశాను. తినడానికే తీశాను, మాట్లాడ్డానికి కాదు. అంతలో నా మెడపట్టీకి ఉన్న చిన్న స్పీకరు మోగింది. నా గొంతే. పక్కింటివాళ్లకి కూడా వినిపించేంత గొంతు.

"మాయన్నని మింగేసినావు, ఇప్పుడు నన్ను మింగుతావు!"

వదిన చెంచా గిన్నెలో పెట్టింది. గిన్నె గట్టు మీద పెట్టింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"పద్దెనిమిదేళ్లు దాసుకున్నావా ఈ మాట?" అంది. టిఫిను డబ్బా తీసుకుని వెళ్లిపోయింది.

నేను ఆ మాట అనలేదు. అది నా మనసులోకి రాలేదని మాత్రం చెప్పను. మా అన్న వేటకెళ్లి తిరిగి రాని ఏడాది మా అమ్మ రోజుకి పదిసార్లు వదిన మొహం మీద ఆ మాట అనేది. అమ్మ పోయింది. మాట నాలో ఉండిపోయింది. మొగుడు పోయిన ఆడదాన్ని అలా అనేవాళ్లని గేటు మీటింగుల్లో మైకు పట్టుకుని కడిగేసినదాన్ని నేను. అయినా అది లోపల ఎక్కడో పడి ఉంది. ఎప్పుడో ఒకసారి పైకి తేలుతుంది, వెంటనే మింగేస్తాను. మింగేస్తున్నాను కాబట్టి మంచిదాన్నే అనుకుంటూ వచ్చాను. ఆ రోజు కూడా మింగాను. నా మెడలో చిప్పు కక్కింది.

నా పేరు అర్జిల్లి దానమ్మ. చదువు ఎనిమిదో తరగతి. రొయ్యలు ఒలిచే షెడ్డులో ఇరవై రెండేళ్లు పనిచేశాను. అందులో పద్నాలుగేళ్లు సంఘం నడిపాను. గొంతులో పుండు లేచింది. చుట్ట వల్లని డాక్టరు అన్నాడు, నినాదాల వల్లని మా మేనేజరు అన్నాడు. ఎవడి లెక్క వాడిది. గొంతుపెట్టె కోసి తీసేశారు. ఊపిరికి మెడలో ఒక కన్నం మిగిలింది. ఆ కన్నంలో కళ్లె అడ్డం పడితే ఊపిరాడదు. కళ్లె పీల్చే గొట్టం చేత్తో పట్టుకుని ఏడు నెలలు నా మంచం పక్కన నేల మీద పడుకున్నది వదిన.

విశాఖలో కొండ మీద ఒక ల్యాబు ఉంది. మాట పోయినవాళ్ల కోసం అక్కడ చిప్పు చేస్తున్నారు. నాలుకకీ గొంతుకీ వెళ్లే నరాల దగ్గర కూర్చుని, మనిషి ఏమనబోతోందో పసిగట్టి, ఆ మాట స్పీకరులో పలికిస్తుంది. పన్నెండు మందిని ఎంచారు. తొలి నమూనా నాకు పెట్టారు. గొంతు నాదే ఉండడానికి పాత రికార్డింగులు కావాలన్నారు. నా దగ్గర గేటు మీటింగులవి తప్ప వేరేవి లేవు. అంచేత నేను ఉప్పడిగినా సమ్మె నోటీసు ఇచ్చినట్టే ఉంటుంది.

ఒక్క షరతు మీద ఒప్పుకున్నాను. అప్పటికి చిప్పు లేదు కాబట్టి పలక మీద రాసి చూపించాను: నా గొంతు గీతలు నాకు చూపించాలి, చదవడం నేర్పాలి. లేకపోతే సంతకం లేదు. పెద్ద డాక్టరు శేషాచలం నవ్వాడు. నవ్వితే నవ్వాడు. వారం వారం కొండెక్కి నేర్చుకున్నాను. అదేమీ బ్రహ్మవిద్య కాదు. కంప్యూటరులో చిప్పు నకలుని నడిపిస్తారు, లోపల ఏ తీగలో ఏం జరిగిందో గీతలుగా వస్తుంది. గీత పైనుంటే ఒకటి, కిందుంటే సున్నా. అవి చదవడానికి ఇంగ్లీషు ఎందుకు?

గంజి దగ్గర ఆ సంగతి జరిగిన పూటే కొండెక్కాను. నా గీతలు చూసే ఇంజనీరు మందాకిని. అనకాపల్లి పిల్ల, ముప్పై దాటి ఉంటాయి, మాట్లాడేటప్పుడు పెన్ను మూత పీకుతూ పెడుతూ ఉంటుంది.

"ఏడూ పన్నెండుకి ఏటయిందో సూపించు," అన్నాను.

నా మెడపట్టీలోంచి రికార్డు తీసి కంప్యూటరులో నడిపింది. గీతలు వచ్చాయి. 'పలుకు' అనే గీత నున్నగా, అడుగున పడుకుని ఉంది.

"చూడండి దానమ్మగారూ, సున్నాలోనే ఉంది. మీరు మాట్లాడలేదు."

"నాను మాటాడలేదని నాకూ తెలుసు. స్పీకరెందుకు మాటాడింది?"

"అదే అర్థం కావట్లేదండీ."

నాకు ఒకటి గుర్తుకొచ్చింది. అంతకు ముందు వారం నేను ముందొచ్చి కూర్చున్నప్పుడు ఆ పిల్ల తెర మీద ఇదే గీత చూశాను. అప్పుడు దాని మీద అక్కడక్కడా నిలువు గాట్లు ఉన్నాయి.

"మొన్న దీని మీద గాట్లున్నాయి. ఇప్పుడు లేవు. ఏటి సేసినావు?"

మందాకిని పెన్ను మూత కింద పడింది. "అవి పేలండీ."

"ఏటీ?"

"పేలు. మేం అలా అంటాం. గీతల్లో వస్తూంటాయి. వెడల్పు సున్నా. నిజంగా జరిగినవి కావు, లెక్కలో పుట్టి లెక్కలోనే చస్తాయి. శేషాచలం సారు రివ్యూలో ఒక్కో గాటు మీద వేలు పెట్టి ఇదేంటి అదేంటి అని రోజంతా తినేస్తారు. అందుకని ఆయన చూసే ముందు దువ్వేస్తాం. దువ్వెన ప్రోగ్రాం నేనే రాశాను. అదే అలవాటైపోయి, ఈ వారం నుంచి ఫైలు తెరవగానే దానంతట అదే దువ్వేస్తుంది."

"దువ్వకండా సూపించు."

చూపించింది. ఏడూ పన్నెండు దగ్గర 'పలుకు' గీత మీద ఒక నిలువు గాటు. మందాకిని దాన్ని పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. వెయ్యి రెట్లు, లక్ష రెట్లు. మిగతా గీతలన్నీ సాగి తెర దాటిపోయాయి. ఆ గాటు మాత్రం వెంట్రుకంత కూడా లావెక్కలేదు. లేచిందీ పడిందీ ఒకే క్షణంలో.

"ఇదెలాగ? లేవడానికీ పడ్డానికీ కాలం పట్టదా?"

"కంప్యూటరుకి చెయ్యొకటేనండీ," అంది మందాకిని. "మీకు మాట అనాలనిపించింది, అదే క్షణంలో వద్దనిపించింది. 'అను', 'ఆపు' రెండూ ఒక్కసారే వచ్చాయి. కంప్యూటరు ముందు 'అను' రాసుకుంది, పలుకు లేచింది. తర్వాత 'ఆపు' రాసుకుంది, పలుకు పడింది. రాసుకోడానికి వరస ఉంది గాని, దాని గడియారం కదల్లేదు. అందుకే వెడల్పు సున్నా."

నేను ఆ గాటు మీద వేలు పెట్టాను.

"ఓలె పిల్లా, కంప్యూటర్లో సరే. నా మెడలో తీగలున్నాయి కదా. తీగకి పొడుగుంటాది కదా. 'ఆపు' తీగ కూసింత పొడుగైతే?"

మందాకిని తెర మీంచి తల తిప్పి నా మెడపట్టీ కేసి చూసింది.

"అది ఆలీసంగా ఒస్తాది. ఈలోగా మాట బయటికెల్లిపోతాది. అవునా కాదా?"

"అన్నిసార్లూ కాదండీ. అది పందెం లాంటిది. ఎక్కువసార్లు 'ఆపు'దే గెలుపు. ఎప్పుడో ఒకసారి..."

"ఒకసారి సాలు. మా ఒదినకి ఒకసారి సాలు."

ఏం జరిగిందో చెప్పాను. సమ్మె నోటీసు గొంతుతో, ల్యాబు మొత్తం వినేలాగే చెప్పాను. ఆ పిల్ల కళ్ల నీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను. పెట్టుకోలేదు. కింద పడ్డ మూత తీసి పెన్నుకి పెట్టి, "దువ్వెన తీసేస్తాను. సారుకి నేనే చెబుతాను," అంది.

చెప్పింది కూడా. ఆ సాయంత్రమే, ఎనిమిది మంది ముందు నిలబడి, నేను వెనక కుర్చీలో ఉండగా, "తప్పు నాది. మూడు నెలలుగా మీరు చూసినవి దువ్విన గీతలు," అంది. నా బతుకులో పెద్ద చదువులు చదివినవాళ్లని చాలామందిని చూశాను. అమ్మోనియా గొట్టం కారితే గాలిది తప్పన్నారు. రిపోర్టు మాయమైతే ప్యూనుది తప్పన్నారు. తప్పు నాదని నిలబడి చెప్పిన మొదటి మనిషి ఈ పిల్ల. దానికి నేను ఇప్పటికీ దండం పెడతాను.

అమ్మోనియా అన్నాను కాబట్టి ఆ సంగతి చెప్పాలి. ఇంకో పది రోజుల్లో మా మేనేజరుతో చర్చలు. షిఫ్టు జరిగేటప్పుడు షెడ్డు తలుపుకి బయట గడియ పెడతారు, ఆడవాళ్లు మాటిమాటికీ బయటికి పోతారని. లోపలంతా చల్లదనానికి అమ్మోనియా గొట్టాలు. మూడు నెలల కింద ఒక గొట్టం కారింది. గడియ తీసేసరికి పదకొండు మంది నేల మీద పడి ఉన్నారు. అందులో మా వదిన ఒకతె. గడియ తియ్యకపోతే సమ్మె అన్నాం. నిజం ఏమిటంటే సమ్మె చేసే ఓపిక మావాళ్లకి లేదు. ఆ నిజం నాకూ ఇంకో ఇద్దరికీ తెలుసు. చర్చల్లో నా మెడ గనక దాన్ని కక్కితే, ఆ గడియ మా వదిన మీద అలాగే ఉంటుంది.

శేషాచలం చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "దీనికింత గొడవెందుకమ్మా," అన్నాడు. "సన్నటి గాట్లన్నీ వడకట్టే జల్లెడ ఒకటి పెడతాం. శుక్రవారం మిగతా పదకొండు మంది చిప్పుల ఫైలు, వాటిని చేసే ఫ్యాక్టరీకి వెళ్లిపోతుంది. ఈ వరస తప్పితే మళ్లీ ఆరు నెలలకి గాని మన వంతు రాదు."

మర్నాడు నా చిప్పులోకి జల్లెడ ఎక్కించారు. బాగానే ఉంది. మింగిన మాట ఒక్కటీ రాలేదు. శేషాచలం సంతోషపడి, బల్ల మీద వెనక్కి చెయ్యి ఆన్చబోయాడు. అక్కడ కాలుతున్న సోల్డరింగ్ కడ్డీ ఉంది. నేను చూసి అరిచాను. నిజంగా అరిచాను, నరాలన్నీ బిగిసేలాగా. స్పీకరు కిక్కురుమనలేదు. ఆయన అరిచాడు.

మందాకిని పరిగెత్తి నీళ్లు తెచ్చి, తెర చూసింది. "ఉలిక్కిపడి అరిచే అరుపు కూడా సన్నంగానే మొదలవుతుంది సార్. జల్లెడలో పోయింది."

"నొప్పేనా బాబూ?" అన్నాను నేను.

"నొప్పేనమ్మా!" అన్నాడాయన, వేలు నోట్లో పెట్టుకుని.

"షెడ్డులో గొట్టం పగిల్తే నాను అరవాల. ఈ జల్లెడ నాకొద్దు."

మిగిలింది ఒకే దారి. 'అను' వచ్చినా వెంటనే పలక్కుండా, 'ఆపు' వస్తుందేమో అని ఆగి, అన్నీ కుదుటపడ్డాకే పలకాలి. మింగిన మాట బయటికి రాదు, అరుపు పోదు. కానీ ప్రతి మాటా రెండు రెప్పపాట్లు ఆలస్యంగా వస్తుంది. నా గొంతు ఎప్పటికీ నా పెదాల వెనక నడుస్తుంది. నాది నమూనా కాబట్టి వారంలో మార్చేయొచ్చు. మిగతా పదకొండు మందికి మాత్రం మళ్లీ మొదటి నుంచి పరీక్షలు, ఫ్యాక్టరీలో వంతు, ఆరు నెలలు.

ఆ పదకొండు మంది తరఫున నేను ఎలా చెబుతాను? మందాకిని అందరి ఇళ్లకీ ఫోను చేసి అడిగించింది, పది మంది ఆగుతామన్నారు. ఒకాయన మాత్రం ల్యాబుకే వచ్చాడు. సింహాద్రి. హార్బరులో చేపల వేలం పాడేవాడు. నలభై ఏళ్లు తెల్లారేసరికి ఆయన పాట లేకుండా బుట్ట కదిలేది కాదు. ఇప్పుడు పలక పట్టుకుని వరండాలో కూర్చున్నాడు. జబ్బు ఊపిరితిత్తులకి పాకిందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఇలాగే పెట్టించుకుంటే వచ్చే నెలలో మాటొస్తుంది, కానీ మింగినవి అప్పుడప్పుడూ జారతాయి. ఆగితే ఆరు నెలలు.

ఆయన పలక మీద రాశాడు: 'ఆగుతాను.'

"మావా, నీకు ఆరు నెలలు..." అని ఆపేశాను.

తుడిచి మళ్లీ రాశాడు: 'నా పెళ్లానికి తెలీకూడనివి నా కడుపులో బోలెడున్నాయి. దాన్ని ఇప్పుడు ఏడిపించనా?' రాసి, భుజాలు ఎగరేసి నవ్వాడు. గొంతు లేని నవ్వు.

ఆయన నాలుగో నెలలో పోయాడు. మాట రాకుండానే పోయాడు. మిగతా పది మందీ ఇప్పుడు మాట్లాడుతున్నారంటే, వాళ్లలో ఏ ఒక్కరి మెడా ఇంట్లో నిప్పు పెట్టలేదంటే, అందులో సింహాద్రి మావ వదులుకున్న మాటలున్నాయి. ఆయన పేరు ఏ చిప్పు మీదా వెయ్యరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా చిప్పు మార్చే ముందు రోజు మందాకిని పిలిచింది.

"నలభై రోజుల రికార్డు దువ్వకుండా నడిపానండీ. మొత్తం మూడు వందల పదకొండు గాట్లు. ఏ గాటు దగ్గర ఏ మాట ఉందో చిప్పు రాసుకుంది. నేను చదవలేదు. అవి మీవి. చెరిపెయ్యమంటే ఇప్పుడే చెరిపేస్తాను."

"సదవలేదా? నిజంగా?"

"తల్లి మీదొట్టు."

తెర నావైపు తిప్పి బయటికి వెళ్లి తలుపు వేసింది. పోలీసులు మా ఫోన్లు విన్నారు, మేనేజరు మా బాత్రూముల్లో మనుషుల్ని పెట్టాడు. ఈ పిల్ల, చేతిలో ఉన్నదాన్ని చదవకుండా లేచి వెళ్లింది.

వదినని తిట్టినవి ఎన్నుంటాయో అని భయం. చదవడం మొదలుపెట్టాను. అమ్మ మాట రెండుసార్లు ఉంది. మేనేజరుని తిట్టినవి నలభై దాకా, వాటికి నేనేమీ సిగ్గుపడను. చుట్ట కావాలన్నవి పద్దెనిమిది. 'సచ్చిపోతే బాగుణ్ను' అన్నది తొమ్మిది. మిగతావన్నీ ఒకే మాట. వెనకా ముందూ ఏమీ లేదు.

ఒదినా.

ఒదినా. ఒదినా. ఒదినా. తెర కిందికి లాగుతున్నాను, అదే మాట. టైము చూశాను. గొట్టంతో కళ్లె తీస్తున్నప్పుడు ఒకటి. గంజి చల్లార్చుతున్నప్పుడు ఒకటి. షిఫ్టు నుంచి చలికి బిగిసిన వేళ్లతో వచ్చి, నా మెడగుడ్డ ఉతుకుతున్నప్పుడు ఒకటి. రెండు వందల పైచిలుకు సార్లు పిలవబోయి మానేశాను. పిలిచి ఏం చెప్పబోయానో నాకు తెలుసు. మా వాడలో అలాంటివి చెప్పుకోరు. సాయం చేసినదాన్ని మెచ్చుకుంటే దాన్ని పరాయిదాన్ని చేసినట్టే అనుకుంటాం. అలా అనుకుని నేను పద్దెనిమిదేళ్లు మింగాను. పందెంలో గెలిచి బయటపడింది మాత్రం అమ్మ మాట.

చెరిపెయ్యమన్నాను. కాగితం మీద ప్రింటు తీసి వదినకి చూపించాలని ఒక్క క్షణం అనిపించింది. ఛీ అనుకున్నాను. కంప్యూటరు చేత చెప్పించుకుంటే ఇక నేనెందుకు?

చర్చల రోజు మేనేజరు రామభద్రం ఏసీ గదిలో కూర్చోబెట్టాడు. నా పెదాలు ముందు కదిలి, మాట తర్వాత రావడం చూసి నవ్వాడు.

"ఏం దానమ్మా, నీ మాటలు బస్సులో వస్తున్నాయా?"

"ఒత్తాయి బాబూ. బస్సు నిండా జనంతోటొత్తాయి."

నవ్వు ఆపి ముందుకి వంగాడు. "సరే, సూటిగా అడుగుతా. సోమవారం సమ్మె అన్నారు. నిజంగా ఎంతమంది వస్తారు?"

ఎవరూ రారు. ఆ మాట నాలో లేచింది. నాలుక దాకా వచ్చింది. పట్టి కిందికి తోశాను. మెడపట్టీ వైపు చూడకూడదని చేతులు ఒళ్లో బిగించుకున్నాను. రెండు రెప్పపాట్లు. మూడు. స్పీకరు మోగలేదు.

ఆ గదిలో అంత నిశ్శబ్దం రామభద్రం ఎప్పుడూ విని ఉండడు, నేనున్న గదిలో అయితే అసలే విని ఉండడు. అతను నా మొహం చూశాడు, పక్కనున్న మావాళ్ల మొహాలు చూశాడు. ఇంకా బస్సేదో వస్తోందనుకున్నాడేమో.

"గడియ సంగతే కదా," అన్నాడు. "దానికి సమ్మె దాకా ఎందుకు? లోపలి వైపు బిగించుకోండి."

ఆదివారం వడ్రంగి వచ్చి గడియ లోపలికి మార్చాడు. దగ్గరుండి మేకు మేకూ చూశాను.

సోమవారం పొద్దున్న వదినతో పాటు షెడ్డు దాకా నడిచాను. గంజి రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. తినిపించడం మానలేదు, కళ్లె తియ్యడం మానలేదు, మాట్లాడ్డం మానేసింది. సైరను మోగింది. ఆడవాళ్లంతా తోసుకుంటూ లోపలికి వెళ్తున్నారు. వదిన గుమ్మంలో ఒక కాలు పెట్టింది.

నేను నోరు తెరిచాను.

ఆమె నా పెదాలు కదలడం చూసింది. ఆగిపోయింది. నా మాట ఆలస్యంగా వస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. వెనకవాళ్లు "నడవ్వే కొర్లమ్మా, దారికడ్డం!" అని అరుస్తున్నా, గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడి, నా మాట వచ్చేదాకా చూసింది.

"ఒదినా! నువ్వు లేపోతే నాను సచ్చిపోదును! ఆ రోజు నా నోట్లోంచి ఒచ్చింది మా యమ్మ మాట! ఇది నా మాట!"

గేటు మీటింగు గొంతు. షెడ్డంతా ఇటు తిరిగింది. ఎవరో కిసుక్కుమన్నారు. వదిన కదల్లేదు. నా పెదాల కేసే చూస్తూ ఇంకాసేపు నిలబడింది.

"అయిపోయిందా? ఇంకా ఏటైనా ఒస్తాదా?"

తల అడ్డంగా ఊపాను.

"సరే. పులుసుంది, మద్దేన్నం ఎచ్చబెట్టుకు తిను," అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. లోపల్నుంచి తలుపు తనే వేసుకుంది.